కీమోలో ఉన్నప్పుడు ఇల్లు నడవాలంటే 21 రోజుల లెక్క

రొమ్ము క్యాన్సర్ అని తెలియగానే ఇంట్లో మొదట పుట్టే ప్రశ్న, ఇక పనులన్నీ మానేయాలా అని. అన్నీ మానేయక్కర్లేదు. అయితే నెలల లెక్క పక్కన పెట్టి చికిత్స లెక్కలోకి రావాలి. చాలామందికి కీమో సైకిల్ 21 రోజులు. కొందరికి 14, కొన్ని మందులైతే వారం వారం. ఏ రోజు ఒళ్లు ఎలా ఉంటుందో ముందే తెలిస్తే మిగతా రోజులు మీ చేతుల్లో ఉంటాయి.

దానికన్నా ముందు బయాప్సీ రిపోర్టు. అందులో ఈఆర్, పీఆర్ (క్యాన్సర్ కణాలు హార్మోన్లకు స్పందిస్తాయో లేదో చెప్పేవి), హెర్2 (కణాల మీద ఉండే ఒక ప్రొటీన్) అనే మూడింటి ఫలితాలూ వచ్చాయో లేదో చూసుకోండి, మందులు చాలావరకు వాటిని బట్టే ఉంటాయి. హెర్2 దగ్గర 2+ అని ఉంటే ఇంకా తేలలేదని అర్థం, ఫిష్ అనే మరో పరీక్ష చేయాలి. గ్రేడ్ 3 అని చూసి స్టేజ్ 3 అనుకుని కుమిలిపోయేవాళ్లు ఎందరో. గ్రేడ్ అంటే కణాల తీరు, స్టేజ్ అంటే జబ్బు ఎంతవరకు పాకిందో చెప్పేది. రెండూ వేరు. ఇకముందు పిల్లలు కావాలనుకుంటే ఆ మాట కీమో మొదలుకాకముందే డాక్టరుతో చెప్పాలి. తర్వాత చెబితే దారులు తగ్గిపోతాయి.

ఇప్పుడు క్యాలెండర్ తీయండి. మందు ఎక్కించిన రోజు ఒకటో రోజు. స్టెరాయిడ్ ఇస్తారు కాబట్టి మొదటి రెండు రోజులు హుషారుగానే ఉండొచ్చు, కానీ రాత్రి నిద్ర పట్టదు. అది ఆగాక మూడు నుంచి ఐదో రోజు దాకా ఒళ్లు కుప్పకూలినట్టు ఉంటుంది. ఆ మూడు రోజులకు ఏ పనీ పెట్టుకోకండి. వాంతుల మాత్ర కడుపులో తిప్పాక కాదు, రాసిచ్చిన వేళకే వేసుకోవాలి. ఒకసారి వాంతులు మొదలయ్యాక ఆపడం కష్టం. ఆ మాత్రల్లో కొన్ని మలబద్ధకం తెస్తాయి, దానికీ ముందే మందు అడిగి ఉంచుకోండి. డాక్సోరుబిసిన్ అనే ఎర్రటి కీమో మందు ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తే అది మందు రంగే. మొదటి 48 గంటలు టాయిలెట్ మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయండి.

సుమారు ఏడు నుంచి 14వ రోజు దాకా కౌంట్స్, అంటే రక్తకణాల సంఖ్య, పడిపోతాయి; ఇన్ఫెక్షన్ తేలిగ్గా వస్తుంది. ఇంట్లో అందరికీ తెలియాల్సిన అంకె ఒక్కటే: 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్. జ్వరం అంత వచ్చినా, అది దాటినా అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. ముందు పారాసెటమాల్ వేసి చూద్దాం అనుకోకండి, జ్వరం దిగినట్టు కనిపిస్తుంది, లోపల ఇన్ఫెక్షన్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. వెళ్లగానే “కీమో అయి ఇన్ని రోజులైంది” అన్న మాట ముందు చెప్పండి. నోరు పూస్తే ఒక కప్పు గోరువెచ్చని నీళ్లలో పావు టీస్పూన్ వంట సోడా, అందులో సగం ఉప్పు కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించాలి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ మంటను ఇంకా పెంచుతుంది.

మూడో వారం మీది. ఆఫీసు మీటింగులు, పిల్లల స్కూలు పనులు, పెండింగ్ పనులన్నీ అక్కడికి జరపండి. సాయం చేస్తామన్నవాళ్లకు తేదీ, పని రెండూ కలిపి చెప్పండి: నాలుగో రోజు వంట, పదో రోజు రక్తపరీక్షకు తోడు. ఊరికే “అవసరమైతే చెబుతాను” అంటే ఆ అవసరం వచ్చిన రోజు ఫోన్ చేసే ఓపిక కూడా ఉండదు.

ఆపరేషన్ కొందరికి కీమో కంటే ముందు, కొందరికి తర్వాత. ఇంటికొచ్చాక ఎక్కువ కంగారు పెట్టేది డ్రెయిన్, అంటే ఆపరేషన్ చేసిన చోట చేరే ద్రవాన్ని బయటికి లాగే గొట్టం. గొట్టం చివర ఉన్న బల్బు ఎప్పుడూ నొక్కుకుపోయి ఉండాలి. గాలితో ఉబ్బి ఉంటే అది ద్రవాన్ని లాగడం లేదు. చాలాసార్లు కారణం ఖాళీ చేశాక బల్బు నొక్కిపట్టకుండానే మూత పెట్టేయడం. గొట్టంలో రక్తపు గడ్డ అడ్డుపడితే, చర్మం దగ్గర ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, రెండో చేతి వేళ్లతో గొట్టాన్ని నొక్కుతూ బల్బు వైపు జార్చాలి. పైన పట్టు లేకపోతే కుట్టు లాగి నొప్పి పుడుతుంది. పొద్దున, సాయంత్రం ఎన్ని మిల్లీలీటర్లో రాసిపెట్టండి. 24 గంటల మొత్తం 30 లోపు వరుసగా రెండు రోజులుంటే సాధారణంగా తీసేస్తారు. ద్రవం రంగు ఎరుపు నుంచి గులాబీకి, తర్వాత లేత పసుపుకు మారాలి. పసుపు వచ్చాక మళ్లీ చిక్కటి ఎరుపు కనిపించినా, గంటల్లోనే బల్బు నిండినా వెంటనే ఫోన్ చేయండి. డ్రెయిన్ తీశాక అక్కడ నీరు చేరి ఉబ్బితే భయపడకండి, సూదితో తీస్తారు. చంకలో గ్రంథులు తీసిన వైపు ఉంగరమో వాచీ పట్టీయో బిగుతైతే మాత్రం ఆలస్యం చేయకండి. చేతివాపు మొదట్లో అయితేనే లొంగుతుంది.

రేడియేషన్ చాలామందికి వారానికి ఐదు రోజులు, మూడు నుంచి ఐదు వారాలు. రోజూ పట్టే సమయం కొద్ది నిమిషాలే కాబట్టి పనివేళలకు కుదిరే స్లాట్ మొదటి రోజే అడగండి. నీరసం చివరి వారాల్లో ఎక్కువ, అయిపోయాక కూడా కొన్నాళ్లు ఉంటుంది.

ఆ తర్వాత హార్మోన్ పాజిటివ్ అయితే 21 రోజుల లెక్క పోయి ఏళ్ల లెక్క వస్తుంది. హార్మోన్ ప్రభావాన్ని అడ్డుకునే టామాక్సిఫెన్ మాత్ర అయితే రోజుకు 20 మిల్లీగ్రాములు, ఐదేళ్లో పదేళ్లో. వేరే డాక్టరు ఏ మందు రాసినా దీని పేరు చెప్పండి, డిప్రెషన్‌కు వాడే పారాక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ దీని పనికి అడ్డుపడతాయి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, యోని నుంచి అకారణంగా రక్తస్రావం కనిపించినా ఆ రోజే డాక్టరుకు చెప్పాలి.