మామకే ఆర్డరేస్తవా?

మొన్న డిసెంబర్లో హాలియా దగ్గర మా ఊళ్ళో, మా నాయిన బత్తాయి తోటలో, మా తమ్ముడు ట్రాక్టర్ రివర్స్ తీస్తుంటే మా బిడ్డ రెండు చేతులూ నిటారుగా పైకెత్తి "స్టాప్! స్టాప్!" అని అరిచింది. ఆ అరుపుకి పక్క తోటలో కాయలు తెంపుతున్న కూలీలు కూడా పని ఆపి ఇటు చూశారు. తమ్ముడు బ్రేకు తొక్కాడు, ట్రాలీ గడగడలాడి ఆగింది. వెనకేముందా అని దిగి చూస్తే డ్రిప్ పైపు. అది కూడా పోయిన ఏడాది పగిలిపోతే పక్కన పడేసిన ముక్క.

"పైపుకా గింత లొల్లి? మామకే ఆర్డరేస్తవా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ కూలీలు చూస్తున్నారు కదా, మొహం మాడింది. మా అమ్మ మాత్రం నవ్వలేదు. "ఆడపిల్లకు గంత గొంతు ఏందే" అంది, పిల్లవైపు కాదు, నావైపు చూసి. పెంపకం గురించి ఏ మాటైనా మా ఇంట్లో తల్లివైపు చూసే అంటారు.

పిల్ల తనకొచ్చిన తెలుగులో చెప్పుకొచ్చింది. "అది పైపా, చిన్నోడా నాకు కనపడలే. కనపడకపోతేనే కదా ఆపాలి?" చిన్నోడంటే మా తమ్ముడి కొడుకు, నాలుగేళ్ళవాడు, రెండు నిమిషాల ముందు దాకా అక్కడే మట్టిలో ఆడుతున్నాడు. అప్పటికి వాడు నా చంకలో ఉన్నాడు, కానీ నేను చెట్టు వెనక ఉన్నాను, పిల్లకి కనపడలేదు. ఈ మాట విన్నాక ఎవరూ ఏమీ అనలేదు, అలాగని తప్పు పట్టడం మానేసిందీ లేదు. సాయంత్రం చాయ్ దగ్గర మళ్ళీ అదే టాపిక్.

ఈ అరుపు పిల్ల ఎక్కడ నేర్చిందో చెప్పాలి. మేముండేది ఇంగ్లండ్‌లో, మిడ్‌లాండ్స్ వైపు. ఇంటి నుంచి నలభై నిమిషాల డ్రైవ్‌లో ఒక గ్లైడింగ్ క్లబ్బుంది. గ్లైడర్ అంటే ఇంజను లేని విమానం, పొడుగాటి రెక్కలు, ముందొకరు వెనకొకరు కూర్చునే సీట్లు. మైదానం ఆ చివర వించ్ ఉంటుంది, అంటే పెద్ద డ్రమ్ము తిప్పే ఇంజను. అది కేబుల్‌ని చుట్టుకుంటూ లాగితే, మనం గాలిపటం పట్టుకుని ఉరికినప్పుడు అది లేచినట్టే, గ్లైడర్ ముక్కు పైకెత్తి అరనిమిషంలోనే వెయ్యి, పన్నెండు వందల అడుగులు ఎక్కేస్తుంది. అక్కడ కేబుల్ వదిలేస్తారు. ఆ తర్వాత గాలి ఎంతసేపు మోస్తే అంతసేపు.

చలికాలంలో అది అస్సలు మోయదు. ఎండాకాలంలో నేల కాగి వేడిగాలి పైకి లేస్తుంటే దాని మీద గంటలు గంటలు తిరుగుతారట. డిసెంబర్లో అక్కడి ఎండకి మంచు కరిగించే ఓపికే ఉండదు, నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. పైకెక్కడం, ఒక చుట్టు, దిగడం. ఐదారు నిమిషాలంతే. ఆ ఐదారు నిమిషాల కోసం పొద్దున్నే ఎనిమిదింటికి షెడ్డు తలుపులు తియ్యాలి, గ్లైడర్లను చేతులతో బయటికి తోసుకోవాలి, రెక్కల మీద పేరుకున్న మంచుపొరను గుడ్డతో తుడవాలి (పొర పల్చగా ఉన్నా రెక్క మీద గాలి సరిగ్గా పారదు, లేవాల్సినంత లేవదు, అందుకని తుడవకుండా ఎగరనివ్వరు). కేబుల్ ఈ చివరకి ఈడ్చుకొచ్చే బండి నడపడానికొకరు, ఎవరు ఎప్పుడు లేచారో, ఎప్పుడు దిగారో రాయడానికొకరు, గ్లైడర్ ఒకే చక్రం మీద ఒరిగిపోకుండా రెక్క చివర పట్టుకుని నాలుగడుగులు ఉరకడానికొకరు. మా క్లబ్బులో జీతగాళ్ళెవరూ లేరు. రిటైరైన పోస్ట్‌మన్, లారీ డ్రైవర్, పళ్ళ డాక్టర్, మా బిడ్డ, అందరూ అదే బురదలో.

పోయిన చలికాలం ఒక ఆదివారం నేను లెక్కేశాను. మైదానంలో ఏడు గంటలు, గాల్లో పదకొండు నిమిషాలు. మా ఆయనది జడ్చర్ల, లెక్కలంటే ప్రాణం. "ఈ టైంలో మ్యాథ్స్ ట్యూషన్‌కి పోతే ఎంతయ్యేదో" అన్నాడు. పైగా తెలుగు క్లాసు కూడా ఆదివారమే. రెంటిలో ఏదో ఒకటి మానాలి అన్నప్పుడు మా ఇద్దరికీ రెండు వారాలు సరిగ్గా మాటల్లేవు. చివరికి తెలుగు క్లాసే మానిపించాం. ఊళ్ళో ఇప్పటికీ ఈ సంగతి చెప్పలేదు, ఈ రాతతో తెలిసిపోతే తెలిసిపోనీ.

నేను మాత్రం పొద్దున్నే సద్ది కట్టిస్తున్నాను. టిఫిన్ బాక్సు అనబోతే నోటికి సద్ది అనే వస్తుంది. మా అమ్మ పొలానికి కట్టేది, నేను ఎయిర్‌ఫీల్డుకి కడుతున్నా.

అక్కడ మొదటి రోజే పిల్లలకి చెప్పే రూలొకటుంది. గ్లైడర్ లేవబోతున్నప్పుడు ఏదైనా తేడాగా కనిపిస్తే మైదానంలో ఎవరైనా సరే, కొత్తవాళ్ళైనా చిన్నపిల్లలైనా, స్టాప్ అని అరవొచ్చు. అరవొచ్చు ఏంటి, అరవాలి. ఒకరు స్టాప్ అనగానే మిగతా వాళ్ళందరూ స్టాప్ అని అందుకుంటారు, చేతులు పైకెత్తుతారు, వించ్ ఆగాలి. ఎందుకు ఆపావ్ అన్న ప్రశ్న తర్వాత.

నవంబర్లో ఒకరోజు పిల్ల రెక్క పట్టుకుని ఉంది, కేబుల్ తగిలించారు, లోపల డెబ్భై ఏళ్ళ ఇన్‌స్ట్రక్టర్. ఇంకో గ్లైడర్ అనుకున్నదానికంటే ముందుగా, కిందగా దిగడానికి వస్తోంది. పిల్ల అరిచింది. అంతా ఆగింది. ఆయన కేబుల్ వదిలేసి, దిగి, ఆకాశం చూసి "గుడ్ కాల్" అన్నాడు. రెండు వారాల తర్వాత మళ్ళీ అరిచింది, ఈసారి దూరంగా కనపడింది పక్షి. ఆయన దిగాడు, చూశాడు, మళ్ళీ "గుడ్ కాల్" అన్నాడు, అదే గొంతుతో. లేటైందని విసుగు లేదు, పక్షికి భయపడ్డావా అని నవ్వడం లేదు. నేను ఫ్లాస్కు పట్టుకుని పక్కనే ఉన్నా. నిజం చెప్పాలంటే నాకే సిగ్గేసింది, సారీ చెప్పు అనబోయి ఆగాను.

ఎందుకంటే నేను పెరిగింది వేరే. నాకు పదేళ్ళప్పుడు తోట దగ్గర బత్తాయిలు కాటా వేస్తుంటే సేటు ఒక తూకం రాయడం మరిచిపోవడం నా కళ్ళతో చూశాను. మరిచాడో, మరిచినట్టు చేశాడో. నోరు తెరవబోతే మా అమ్మ జబ్బ మీద గిల్లింది, పెద్దోళ్ళు మాట్లాడుతున్నరు అని. రాత్రి నాయిన లెక్క చూసుకుంటుంటే తేలింది. నేను చూసిన అని అప్పుడు చెప్తే, "అప్పుడే ఎందుకు చెప్పలే బిడ్డా" అన్నాడు. మా అమ్మ దీపం వత్తి సర్దుతూ అటు తిరిగింది.

మరి ఇదే పిల్ల ఇక్కడికొచ్చి మామని ఆపితే నేనేం చెయ్యాలి? గద్దించలేదు. అట్లాగని తమ్ముడి ముందు వెనకేసుకునీ రాలేదు. రాత్రి మిద్దె మీద దానితో అన్నాను, మామకి చెప్పేటప్పుడు కాస్త మెల్లగా చెప్పొచ్చు కదా అని. "ట్రాక్టర్ సౌండ్‌లో మెల్లగా ఎట్లా అమ్మా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మా నాయిన సంగతి వేరు. ఆయనకి డెబ్భై రెండు, విమానం ఎక్కింది ఒక్కసారే, మమ్మల్ని చూడ్డానికి. ఆయనా మనవరాలూ పది దాటాక ఇంటి వెనక మంచం వేసుకుని కూర్చుంటారు. మా ఊరి గుట్ట మీద పొద్దున గద్దలు లేవవు. పదీ పదిన్నరకి బండలు కాగాక ఒక్కొక్కటే వచ్చి, రెక్క ఆడించకుండా చుట్టూ తిరుగుతూ తిరుగుతూ చుక్కంత అవుతాయి. ఇది నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే, ఒక్కరోజు కూడా ఎందుకని అడగలేదు. పిల్ల చూసి గెంతులేసింది. "తాతా, థర్మల్! థర్మల్!" థర్మల్ అంటే అట్లా పైకి లేచే వేడిగాలే. మేము డిసెంబర్లో ఐదు నిమిషాలకే దిగిపోతుంటే ఇక్కడ ఇవి గంట నుంచి పైనే ఉన్నాయని దాని కడుపుమంట.

"గట్టు మీద పచ్చిక కన్న బండ జల్ది కాగుతది, గాలి ఆడికెల్లి లేస్తది, గద్దకు ఎరికే" అన్నాడు నాయిన. ఎండాకాలం దుక్కి చేన్లో లేచే సుడిగాలి సంగతి చెప్పి, మట్టి కనపడుతుంది కాబట్టి నీకు గాలి కనపడుతుంది అన్నాడట. అదీ థర్మల్ అడుగేనని, కింద సుడిగాలి లేచిన చోట పైన గాలి లేస్తూ ఉంటుందని పిల్ల చెప్పింది. తెలుగు క్లాసులో రెండేళ్ళు 'ఇది బల్ల' దగ్గరే ఉన్న పిల్ల, కాగడం, లేవడం, ఒరగడం, సుడి అన్నీ వారంలో పట్టేసింది. ఒత్తులు మాత్రం ఇప్పటికీ రావు.

నాయిన కూడా వదల్లేదు. వడ్లు తూర్పార పట్టిన రోజుల్లో గాలి కోసం కల్లంలో మధ్యాహ్నమంతా కూర్చున్న మనిషి. చేట ఎత్తి పట్టుకుని, గాలి తగ్గగానే దించి, మళ్ళీ ఎత్తి. ఇప్పుడు కల్లాలెక్కడివి, హార్వెస్టర్ వచ్చి గంటలో ఎకరం ఊడ్చిపోతుంది. గాలి గురించి మాట్లాడే మనిషి దొరక్క ఎన్నేళ్ళయిందో ఆయనకి. గ్లైడర్ అద్దం మీద ఒక ఊలు దారం ముక్క అతికిస్తారు, అది సూటిగా వెనక్కి ఉంటే గ్లైడర్ వంకర పోకుండా ఎగురుతున్నట్టు. అది విని భలే మురిశాడు. కేబుల్‌కీ గ్లైడర్‌కీ మధ్య ఒక లింకు ఉంటుంది, లాగుడు ఎక్కువైతే ముందు అదే తెగాలి, రెక్కల మీద పడకూడదు అని చెప్తే, "మన రోటవేటర్ బోల్టు అసొంటిదే గద" అన్నాడు. ఎంత దూరం పోతది అని అడిగితే ఇది ఫోన్లో మ్యాప్ తీసింది. క్లబ్బులో ఏఎస్‌కే 21 అనే రెండు సీట్ల గ్లైడర్ ఉంది, గాలి కదలకుండా ఉంటే కిలోమీటరు ఎత్తు నుంచి 34 కిలోమీటర్లు జారుకుంటూ పోగలదు. నల్గొండ మీద వదిలితే దాదాపు మిర్యాలగూడ దాకా. "ఇంజను లేకుండనా!" అని నాయిన. పక్క మంచం మీద మా అమ్మ సకినాలకి పిండి జల్లిస్తోంది. పిల్లకి జనవరి మొదటి వారంలోనే స్కూలు, సంక్రాంతి మాకెప్పుడూ అందదు, అందుకని మా ఇంట్లో సకినాలు డిసెంబర్లోనే.

జల్లెడ ఆగింది. "మన పెద్దవూర దిక్కు పడ్డది ఇంజను ఉన్నదే" అంది.

అందరం నిశ్శబ్దం. 2022 ఫిబ్రవరిలో పెద్దవూర మండలంలో ట్రైనింగ్ విమానం పొలాల్లో కూలిపోయింది, నేర్చుకుంటున్న అమ్మాయి చనిపోయింది. మా ఊరి నుంచి బండ్ల మీద పోయి చూసొచ్చిన వాళ్ళున్నారు. మా అమ్మ పోలేదు గానీ ఆ వారం రోజులూ నాకు ఫోన్ చేసి అదే చెప్పింది, ఎవరి బిడ్డో అని. అప్పటికి మా బిడ్డకి ఈ పిచ్చి లేదు. ఆ మాటకి ఏం చెప్పగలం? రూల్సున్నాయి, పారాచ్యూట్ కడతారు, పైకి పోతుంటే కేబుల్ తెగితే ఏం చెయ్యాలో ఇన్‌స్ట్రక్టర్ చెప్పాపెట్టకుండా కేబుల్ వదిలేసి మరీ నేర్పిస్తాడు అని పిల్ల వివరించబోయింది. చివరిది విని మా అమ్మకి బీపీ పెరగడం తప్ప ఏం జరగలేదు.

అప్పటికి నేను దాచిన సంగతి ఇంకోటి ఉంది. బ్రిటన్‌లో గ్లైడర్ ఒంటరిగా నడపడానికి 14 ఏళ్ళుంటే చాలు. కారుకి 17, మన దేశంలో గ్లైడర్ నేర్చుకునే లైసెన్సుకే 16. మా బిడ్డకి జనవరి చివర్లో 14.

ఫిబ్రవరి రెండో ఆదివారం, మబ్బు, వేళ్ళు కొంకర్లు పోయే చలి. పొద్దున మూడుసార్లు ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరింది. నాలుగోసారి ఆయన దిగి, వెనక సీటు బెల్టులు బిగించి కట్టేశాడు, ఊడిపోయి కంట్రోల్స్‌కి తగలకుండా. మనిషి లేని సీటుకి బెల్టు కట్టడం చూశాక నాకు మోకాళ్ళలో సత్తువ పోయింది. కేబుల్ తగిలించారు. రెక్క లేపారు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రూలు నాకూ ఉంది. మైదానంలో ఎవరైనా. నేను ఒక్క మాట అంటే వించ్ ఆగుతుంది, కారణం తర్వాత అడుగుతారు, ఆ పెద్దాయన వచ్చి గుడ్ కాల్ అన్నా అంటాడు.

ఆకాశం చూశాను, ఖాళీ. కేబుల్ చూశాను, అడ్డం లేదు. రెక్క పట్టుకున్న పిల్లాడు సరిగ్గానే పట్టుకున్నాడు. తప్పేదీ దొరకలేదు. నోట్లో నాలుక ఎండిపోయి ఉంది.

ఒక్కతే ఉంది కాబట్టి బరువు తక్కువ, రోజూ కంటే నిటారుగా లేచిపోయింది. ఐదు నిమిషాలు. దిగేటప్పుడు ఒకసారి ఎగిరిపడి మళ్ళీ నేలకి ఆనింది, దానికి ఇన్‌స్ట్రక్టర్ అందరి ముందే నాలుగు చీవాట్లు పెట్టాడు, అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది, ఆ మనిషి అలా తిట్టడం మన పద్ధతిలాగే అనిపించి.

ఊరికి ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం ఏడు. నాయిన ఎత్తాడు. విషయం చెప్పాను. కాసేపు మాట్లాడలేదు, వెనక టీవీ సౌండు.

"గాలి ఏ దిక్కుండె?" అన్నాడు.

నాకు తెలియదు. పిల్లని అడిగితే పడమర అంది. పడమరంట అని చెప్పాను.

"ఊ" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీ అమ్మకు రేపు చెప్పుకుందాం తియ్" అన్నాడు.