నల్ల చీరలు, నవారు మంచం

మూడేళ్ళు ఎవరికీ చెప్పలేదండి, మా ఆయనక్కూడా. మాది రాజోలు దగ్గర పల్లెటూరు, నాకిప్పుడు 49, ఇద్దరు పిల్లలూ నార్మల్ డెలివరీలే. రెండోవాడు పుట్టాక దగ్గితే మూత్రం పడి కాస్త తడయ్యేది, నాలుగైదు నెలల్లో దానంతటదే పోయింది, నేనూ మర్చిపోయా. 45 దాటాక మళ్ళీ మొదలైంది. తుమ్మినా, గట్టిగా నవ్వినా, బియ్యం బస్తా జరిపినా, బిందె ఎత్తినా చుక్క చుక్క. తర్వాత ఇంకోరకం కూడా తోడైంది, బజారుకెళ్ళొచ్చి తాళం తీస్తుంటే ఇంక ఆగదు, చెప్పులు విప్పేలోపే అయిపోయేది.

అప్పట్నించీ నల్లవీ, ముదురు నీలంవీ తప్ప వేరే చీర కట్టలేదు. పెళ్ళికెళ్తే వధూవరుల కంటే ముందు బాత్రూమ్ ఎక్కడుందో చూసుకునేదాన్ని. ఏటా అంతర్వేది తీర్థానికి వెళ్ళేవాళ్ళం, రెండేళ్ళు మోకాళ్ళ నొప్పులని అబద్ధం చెప్పి ఇంట్లోనే ఉండిపోయా. బయటికెళ్ళే రోజు పొద్దున్నించీ గుక్కెడు నీళ్ళు కూడా తాగేదాన్ని కాదు, పెద్ద తెలివైన పని అనుకున్నా, అదెంత తప్పో తర్వాత తెలిసింది. నీళ్ళు తగ్గితే యూరిన్ చిక్కబడి మూత్రసంచిని ఇంకా చికాకు పెడుతుందట, పైగా మలబద్ధకం, ముక్కితే ఆ ఒత్తిడంతా మళ్ళీ అక్కడికే.

మా అమ్మాయి సంక్రాంతికొచ్చి పెరట్లో ఆరేసిన గుడ్డలు చూసింది. "అమ్మా, నీకు నెలసరి ఆగిపోయి ఏడాదైంది కదా, ఇవేంటి?" అంది. ఏం చెప్పాలో తెలీక ఏడ్చేశా. పండగ వెళ్ళిన వారంలో కాకినాడ తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ యూరిన్ టెస్ట్ చేయించారు, ఇన్ఫెక్షన్ లేదు. షుగర్ బోర్డర్‌లో ఉంది. పడుకోబెట్టి దగ్గమన్నారు, చూశారు. తర్వాత కాటా ఎక్కమన్నారు, 78 కిలోలు. ఎత్తు 155 సెంటీమీటర్లు. బీఎంఐ, అంటే ఎత్తుకీ బరువుకీ ఉండే లెక్క, 32 దాటింది, మనవాళ్ళకి 23 దాటితేనే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క అన్నారు. నాకు ఒళ్ళు మండింది. నేనొచ్చింది దేనికి, ఈవిడ నా లావు మీద పడిందేంటి అనుకున్నా. అప్పుడావిడ అడిగారు, "మీ ఇంట్లో నవారు మంచం ఉందా అమ్మా?" అని. పొత్తికడుపు కింద కండరాలు నవారులాగా అల్లుకుని మూత్రసంచినీ గర్భసంచినీ మోస్తుంటాయట. కాన్పులకి ఆ నవారు వదులవుతుంది, నెలసరి ఆగే వయసుకి ఇంకాస్త. దాని మీద రాత్రీ పగలూ దిగకుండా పొట్ట బరువు కూర్చుని ఉంటే, తుమ్మినప్పుడు పడే ఒత్తిడి తట్టుకోడానికి దాంట్లో బిగువేం మిగుల్తుంది? "నవారు బిగించాలి, మంచం మీద బరువూ దింపాలి" అన్నారు. ఆపరేషన్లూ మందులూ ఉన్నాయి, ముందు ఇది చేసి చూద్దాం అన్నారు. 2009లో అమెరికాలో 338 మంది ఆడవాళ్ళ మీద చేసిన పరిశోధన వచ్చిందట, ఆర్నెల్లలో బరువులో సగటున 8 శాతం తగ్గిన గుంపుకి వారంలో లీకయ్యే సార్లు 47 శాతం తగ్గాయి, ఊరికే సలహాలు విన్న గుంపుకి 28 శాతం. 8 శాతమంటే నాకు ఆరు కిలోల పైచిలుకు. పాతిక కిలోలు తగ్గమంటే ఇంటికొచ్చి పడుకునేదాన్నే, ఆరంటే సరే చూద్దాం అనిపించింది.

కానీ ఎవరూ చెప్పని తిరకాసు ఒకటుందండి, నడిస్తే లీకవుతుంది, లీకవుతుందని నడవను, నడవను కాబట్టి బరువు పెరుగుతాను, పెరిగితే ఇంకా లీకవుతుంది, మూడేళ్ళూ నేను తిరిగింది ఈ గానుగలోనే. ఇంక సిగ్గు పక్కనపెట్టి పేడ్ పెట్టుకునే కాలవగట్టు మీద నడక మొదలెట్టా, తెల్లారగట్ల అయిదింటికి, ఎవరూ లేనప్పుడు. రాత్రి అన్నం మానేసి ఒక పెసరట్టు. ఇది మాత్రం ఏడిపించిందండి, పెరుగన్నం, ఆవకాయ లేకుండా నిద్రపట్టే పుట్టుక కాదు మాది. టీ నాలుగు నుంచి రెండుకి దించా. కీగల్ ఎక్సర్సైజులు, అంటే ఆ నవారు కండరాలు బిగించేవి, రోజుకి మూడుసార్లు, అయిదు సెకన్లు బిగించి అయిదు సెకన్లు వదలడం, పదిసార్లు. మొదట్లో ఊపిరి బిగబట్టి పొట్ట బిగించేదాన్ని, అది తప్పట, కిందికి ఇంకా ఒత్తిడి. తుమ్ము వస్తుందనగా ముందే బిగించాలని కూడా నేర్పారు, ఈ ఒక్క చిట్కా చాలా కాపాడింది.

లీకైనప్పుడల్లా గోడ క్యాలెండర్ మీద చుక్క పెట్టమన్నారు. మా ఆయన చూసి "పాల లెక్కా?" అన్నారు. ఆ రోజే చెప్పేశా అంతా. కాసేపు మాట్లాడలేదు, మర్నాడు మాత్రం అయిదింటికి టార్చిలైటు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

రెండు నెలలకి రెండు కిలోలు తగ్గా, చుక్కలు మాత్రం అలాగే, మానేద్దామనుకున్నా. నాలుగో నెలకి 74, చుక్కలు పల్చబడ్డాయి. ఏడు నెలలకి 70. మొదట్లో వారానికి పద్నాలుగు, పదిహేను ఉండేవి, ఇప్పుడు మూడో నాలుగో. షుగర్ కూడా కాస్త దిగింది. అలాగని లావుగా ఉన్నవాళ్ళకే వస్తుందని కాదు, మా తోడికోడలు 48 కిలోలే, దానికీ ఉంది, దానికి బరువుతో పనిలేదు, నవారు బిగించడమే. నాకైతే రెండూ కావాల్సొచ్చాయి.

మొన్న కార్తీకమాసం వనభోజనాలకి లేత పసుపు చీర కట్టా. పేడ్ ఒకటి బ్యాగులో వేసుకునే వెళ్ళా. పిల్లలు బలవంతంగా తాడాటకి లాగారు, నాలుగు గెంతులకి రెండు చుక్కలు పడ్డాయి, అయిదో గెంతు మానేసి పనసపొట్టు కూర దగ్గరికి వెళ్ళిపోయా.