ఆరు వందల మీటర్ల దగ్గర మా సార్

శ్రీకాకుళంలో మా బ్యాచ్ వాళ్లు ఎవరు ఎదురుపడినా, ఎలా ఉన్నావని అడిగిన తర్వాత రెండో మాట మా పీఈటీ సార్ గురించే. ఆయనకి యాభై ఏళ్లు కూడా నిండలేదు. మా జిల్లా సముద్రతీరంలోని ఉద్దానం మనిషి, అక్కడి కిడ్నీ జబ్బే ఆయన్ని తీసుకెళ్లిపోయింది. ఆయన గురించి ఎక్కడో ఒకచోట రాసి పెట్టాలని ఎప్పటినుంచో ఉంది.

మాది మామూలు గవర్నమెంట్ హైస్కూల్. ట్రాక్ అంటే సున్నంతో గీసిన రెండు వందల మీటర్ల గీతలే, గట్టి వాన పడితే అవీ ఉండేవి కావు. వాన వెలిసిన మర్నాడు సార్ మేకు, తాడు, సున్నం బకెట్టు పట్టుకుని వచ్చేసేవారు. మేకు దిగ్గొట్టి, దానికి తాడు కట్టి, తాడు చివర పట్టుకుని వంపు తిరుగుతూ గీసుకుంటూ పోయేవారు, వెనకాల మేము. లోపలి గీత మీద పరిగెత్తేవాడి కంటే బయటి గీత మీద వాడికి దూరం ఎందుకు ఎక్కువో, అందుకే వాణ్ని ముందుకి ఎందుకు జరిపి నిలబెడతారో నాకు ఆ తాడు పట్టుకున్నప్పుడే అర్థమైంది. లెక్కల క్లాసులో వృత్తం చుట్టుకొలత ఆ తర్వాతెప్పుడో వచ్చింది.

నాది ఎనిమిది వందల మీటర్లు, అంటే స్టేడియం ట్రాక్ మీద రెండు రౌండ్లు. పరిగెత్తిన వాళ్లకి తెలుస్తుంది అది ఎంత పాడు రేసో. వంద మీటర్లలా కళ్లు మూసుకుని ఉరకడానికి లేదు, ఐదు వేల మీటర్లలా కుదురుకునే టైమూ ఉండదు. మొదటి రౌండు అందరూ చప్పట్లు కొడుతుంటే ఒళ్లు తెలియకుండా పోతాం, రెండో రౌండు సగానికి వచ్చేసరికి తొడలు బిగుసుకుపోతాయి, చేతులు కూడా మన మాట వినవు. జిల్లా మీట్ కోడి రామ్మూర్తి స్టేడియంలో జరిగినప్పుడు మిగతా స్కూళ్ల సార్లంతా ఫినిష్ లైన్ దగ్గర గుమిగూడితే మా సార్ ఒక్కరూ గ్రౌండుకి అవతలి వైపు, ఎవరూ లేని చోట, ఆరు వందల మీటర్ల దగ్గర నిలబడేవారు. "ఫినిష్ కాడ అందరూ అరుస్తారమ్మా, నువ్వు ఆగిపోయేది ఇక్కడ" అనేవారు. అక్కడికి వచ్చేసరికి ఆయన అరిచేవారు కాదు. పక్కనే నాలుగడుగులు పరిగెడుతూ "భుజాలు దించు, చేతులు ఊపు, కాళ్లు అయ్యే వస్తాయి" అని మామూలు గొంతుతో చెప్పేవారు. నిజంగానే వచ్చేవి.

2012లో లండన్ ఒలింపిక్స్‌లో కెన్యా రన్నర్ డేవిడ్ రుడిషా ఎనిమిది వందల మీటర్లలో 1:40.91తో ప్రపంచ రికార్డు పెట్టినప్పుడు సార్ మర్నాడు బోర్డు మీద రెండు అంకెలు రాశారు: 49.28, 51.63. మొదటి రౌండు, రెండో రౌండు. తేడా రెండు సెకన్ల పైచిలుకు. "లోకంలో అందరికంటే గట్టిగా పరిగెత్తినోడికే ఇంత తేడా, మరి మన తేడా పన్నెండు సెకన్లేటమ్మా?" అని నవ్వారు. ఆ రోజు నుంచి ప్రాక్టీసులో మా టైము కంటే మా తేడానే ఎక్కువ రాసుకునేవారు. ఆఖరున వచ్చిన పిల్ల తేడా తగ్గించుకుంటే గెలిచిన పిల్ల కంటే ముందు ఆ పిల్ల పేరు చెప్పేవారు. మా స్కూల్లో ఎప్పుడూ గెలవని వాళ్లు కూడా గ్రౌండు మానకపోవడానికి కారణం అదేనని నా నమ్మకం.

ఎనిమిదో తరగతి దాటిన ఆడపిల్లలు గ్రౌండుకి రావడం మానేస్తుంటే భార్యని వెంటబెట్టుకుని ఇళ్లకి వెళ్లేవారు. మా అమ్మతో ఆయన వాదించలేదు. ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చిందని, ఆ ఊరు మన ఆమదాలవలస పక్కనేనని చెప్పి, టీ తాగి వెళ్లిపోయారు. అమ్మ మర్నాడే నాకు కొత్త కాన్వాస్ బూట్లు కొనింది.

పొద్దున్న ఐదింటికి ఇంకో గుంపు వచ్చేది, స్కూలు అయిపోయిన అబ్బాయిలు. మా జిల్లాలో ఆర్మీ రిక్రూట్‌మెంట్ ర్యాలీ అంటే ఇంటిల్లిపాదీ పడే టెన్షన్ తెలిసిందే కదా. పదహారు వందల మీటర్లు ఐదున్నర నిమిషాల్లో అయితేనే పూర్తి మార్కులు. వాళ్ల దగ్గర ఆయన రూపాయి తీసుకోలేదు. పైగా ఆయన ఇంటి నుంచి చోడి అంబలి క్యాన్ వచ్చేది.

నీళ్ల విషయంలో మాత్రం చాలా పట్టుదల మనిషి. పరిగెత్తే ముందు తాగాలి, తర్వాత తాగాలి, దాహం వేసేదాకా ఆగకూడదు. మూత్రం రంగు చూసుకోండని అందరి ముందూ చెప్పేవారు, మేము సిగ్గుతో తల దించుకునేవాళ్లం. ఆయన ఊళ్లో ఎంతమంది ఈ జబ్బుతో పోయారో చూసి పెరిగిన మనిషి కాబట్టి అలా చెప్పేవారని తర్వాత అర్థమైంది. పిల్లల నడక చూసి ఎవరి మడమ నొప్పెడుతోందో చెప్పేసే ఆయనకి తన ఒంట్లో ఏం జరుగుతోందో తెలియలేదు. ఈ జబ్బు అంతే, కిడ్నీలు సగానికి పైగా పాడయ్యేదాకా మనిషికి ఏమీ అనిపించదు. నీరసం అన్నారు, వయసు అన్నారు. స్టూలు వేసుకుని కూర్చుని విజిల్ వేయడం మొదలుపెట్టాక, కాళ్లు వాచాక టెస్ట్ చేయించుకుంటే కిడ్నీలు పాడైతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ అప్పటికే ఎక్కడికో వెళ్లిపోయింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి వాళ్ల కొబ్బరిచెట్లు పడిపోయినప్పుడు ఆయన డయాలసిస్ మీద ఉన్నారు. మరుసటి వేసవి చూడలేదు.

నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది. నీళ్లలో సిలికా అన్నారు, ఎండలో పని అన్నారు, నొప్పి మాత్రలు అన్నారు, కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఇన్నేళ్లుగా మనుషులు పోతున్నా ఇదీ కారణం అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, రీసెర్చ్ సెంటర్ ప్రారంభించారు, ఉద్దానానికి పైపుల్లో నదినీళ్లు తెచ్చారు. మంచిదే, చాలా మంచిది. సార్ ఉండగా వచ్చి ఉంటే అని అనుకోకుండా ఉండలేను.

ఉద్దానంలో మీ వాళ్లు ఉంటే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూపించమని చెప్పండి, ఒంట్లో బాగానే ఉన్నా సరే. సార్ తమ్ముడు ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉంటారు. మా బ్యాచ్ వాళ్లం వంతులవారీగా ఫోన్ చేసి టెస్ట్ అయిందా బాబాయ్ అని అడుగుతుంటాం. "మీ సారే నయం, ఇంత పీక్కుతినేవోడు కాదు" అని విసుక్కుంటారు గానీ చేయించుకుంటారు, రిపోర్టు ఫొటో తీసి పంపిస్తారు కూడా.