గేదెల ఫారం కొనేముందు నేర్చుకున్న లెక్క

నూజివీడు వైపు నడుస్తున్న గేదెల ఫారం ఒకటి అమ్మకానికి ఉందని తెలిసింది. రెండెకరాలు, రేకుల షెడ్డు, బోరు, ఇరవై ముర్రా గేదెలు. ఆశ ఎప్పటినుంచో ఉంది గానీ, గేదె గురించి నాకు తెలిసింది పాల ప్యాకెట్ వరకే. అందుకే బయానా మాట ఎత్తకుండా మా బాబాయి దగ్గరికి వెళ్లాను. ఆయన సంసారం అంతా పాడి మీదే నడిచింది.

"పాలిచ్చేవాటిని ఎవడైనా చూస్తాడురా. వట్టిపోయినవి ఎన్నున్నాయో అడిగావా?" అన్నాడు వింటూనే.

గేదె చూడి మోసేది 10 నెలల 10 రోజులు. ఈనాక పాలిచ్చేది సుమారు పది నెలలు. ఈనిన నాలుగో నెలకల్లా మళ్లీ చూడి నిలిస్తే ఈతకీ ఈతకీ మధ్య 14 నెలలు పడుతుంది. అప్పుడు ఇరవైలో పద్నాలుగు పాల మీద ఉంటాయి. అదే 18 నెలలకు జరిగితే పదకొండే. మిగతా తొమ్మిదీ పాలివ్వవు, మేత మాత్రం తింటాయి. లాభమూ నష్టమూ ఈ మూడు గేదెల తేడాలోనే ఉందని కాగితం మీద వేసుకుంటే గానీ నాకు ఎక్కలేదు.

మరి చూడి ఎందుకు ఆలస్యమవుతుంది? దీనికోసమే బాబాయి నన్ను తెల్లవారుజామున పాకలోకి లాక్కెళ్లేవాడు. ఆవు ఎదకొస్తే అరిచి ఊరంతా చెబుతుంది. గేదె చాలాసార్లు గుట్టుగా ఉంటుంది, ఎండాకాలమైతే మరీను. మూగ ఎద అంటారు. తీగలు వేయడం, అంటే మానం నుంచి జిగట తీగలా కారడం, మాటిమాటికీ మూత్రం పోయడం, పాలు సరిగా చేపకపోవడం, ఇవే గుర్తులు. అవి కూడా రాత్రిళ్లూ తెల్లవారుజామునా ఎక్కువ. ఉదయం కనిపెడితే సాయంత్రం, సాయంత్రం కనిపెడితే మర్నాడు ఉదయం సూది, అంటే కృత్రిమ గర్భధారణ, వేయించాలి. తప్పిపోతే మళ్లీ 21 రోజులు ఆగాలి. జీతగాడికి వదిలేసి సిటీలో కూర్చుంటే ఫారం ఎందుకు మునుగుతుందో నాకు ఆ పాకలోనే అర్థమైంది.

మేత సంగతి కృషి విజ్ఞాన కేంద్రం శిక్షణలో చెప్పారు. గేదెకు రోజుకు 25 నుంచి 30 కిలోల పచ్చిగడ్డి, ఐదారు కిలోల వరిగడ్డి. దాణా ఒంటి పోషణకు రెండు కిలోలు, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకూ ఒక కిలో. ఇరవై గేదెలకు పచ్చిగడ్డే రోజుకు ఐదారు క్వింటాళ్లు! సూపర్ నేపియర్ అనే పశుగ్రాసం వేస్తే మొదటి కోత 70 రోజులు దాటాక వస్తుంది, తర్వాత ప్రతి 45 రోజులకూ కోయొచ్చు. అందుకే గడ్డి పెరిగాకే గేదెలు దిగాలంటారు. మన జనం ముందు గేదెల్ని దింపి, తర్వాత గడ్డి కోసం తిరుగుతారు.

సంక్రాంతి ముందు ఫారం చూడటానికి వెళ్లాం. పదిహేడు పాల మీద ఉన్నాయి, క్యాన్లు నిండుతున్నాయి. నాకు ముచ్చటేసింది. బాబాయి మాత్రం దూడల దగ్గర ఆగిపోయాడు. అన్నీ దాదాపు ఒకే ఈడువి. మన దగ్గర గేదెలు చలికాలంలో చూడి కట్టి, వానాకాలం చివర్లోనూ ఆ తర్వాతా ఈనడం ఎక్కువ. ఆ రోజుల్లో ఏ ఫారమైనా కళకళలాడుతుంది.

"ఏమండీ, పోయిన వేసవి పాల కేంద్రం చీటీలు ఉన్నాయా?" అని అడిగాడు. ఫారం యజమాని కాస్త నసిగి తెచ్చిచ్చాడు. మే నెలలో పోసిన పాలు జనవరి పాలల్లో సగం కూడా లేవు. వెన్న శాతం, డబ్బు అన్నీ అందులోనే ఉన్నాయి. అమ్మేవాళ్లు ఏం చెప్పినా ఆ చీటీలకు మించిన సాక్ష్యం లేదు.

తర్వాత సాయంత్రం, ఉదయం, మళ్లీ సాయంత్రం మా కళ్ల ముందే పిండించాం. ఒక పూట పిండకుండా పొదుగు నింపి చూపించే అలవాటు సంతల్లో ఉంది కాబట్టి మొదటి పూటను లెక్కలో వేసుకోలేదు. పశువైద్యుడితో చూడి పరీక్షా చేయించాం. నాలుగు చనులూ నొక్కి పొదుగు వాపు ఉందేమో చూశాం. గొంతువాపు, గాలికుంటు టీకాలు ఎప్పుడు వేశారో రాతలో అడిగితే ఆ పుస్తకమే లేదన్నారు.

బేరం చివరికి వేరేలా కుదిరింది. నేల, షెడ్డు, బోరు తీసుకున్నాను. గేదెల్లో చూడి ఖాయమైనవీ, పొదుగు బాగున్నవీ ఆరే ఉంచుకున్నాను. ముందు గడ్డి నాటాం. మిగతావాటిని నాలుగైదు నెలల తేడాతో విడతలుగా కొనాలని లెక్క, అన్నీ ఒకేసారి వట్టిపోకుండా. ఎద, సూది, ఈత తేదీలు రాసే పుస్తకం మా ఆవిడ చేతిలో ఉంది. ఊళ్లో అందరూ అడుగుతున్నది మాత్రం, "ఇంత షెడ్డులో ఆరేనా అండీ?" అనే.