చిట్టీ డబ్బులతో బిగించుకున్న కంప్యూటర్

2024 మాఘమాసం. ముహూర్తాల సీజన్, టేబుల్ మీద పదకొండు శుభలేఖల ఆర్డర్లు. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది, నా కంప్యూటర్ మాత్రం మళ్లీ రాలేదు. వరంగల్‌లో నాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేస్తాను. పక్క మూత విప్పితే కాలిన వాసన. క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చిన ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా, తను పోతూ పోతూ మదర్‌బోర్డును కూడా తీసుకుపోయింది. కస్టమర్ల ఫైళ్లున్న హార్డ్‌డిస్క్ బతికింది, అదే పదివేలు.

చేతిలో ఉన్నది చిట్టీ ఎత్తిన 30,000. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న మా అక్క కొడుక్కి ఫోన్ చేస్తే గంటలో లిస్టు పంపాడు. ఐ3-12100ఎఫ్ ప్రాసెసర్, పక్కన ఒక గ్రాఫిక్ కార్డు, రంగురంగుల లైట్ల ఫ్యాన్లు మూడు.

"కార్డు ఎందుకురా నాకు?"

"మామా, కార్డు లేకుంటే అదేం పీసీ?"

ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' ఉంటే అందులో తెరకు బొమ్మ పంపే గ్రాఫిక్స్ ఉండవు, కార్డు కొనక తప్పదు. నేను ఆటలు ఆడను. పేజ్‌మేకర్‌లో అను తెలుగు ఫాంట్లతో పేజీ కట్టడానికి, ఫోటోషాప్‌లో పది బై ఇరవై అడుగుల ఫ్లెక్సీ తెరవడానికి కావలసింది గట్టి ప్రాసెసర్, సరిపడా ర్యామ్. అందుకే గ్రాఫిక్స్ లోపలే ఉన్న రైజెన్ 5 5600జీ అనుకున్నాను. ఆరు కోర్లు, కార్డు ఖర్చు లేదు. అల్లుడు కాస్త అలిగాడు గానీ మర్నాడు సికింద్రాబాద్ స్టేషన్‌కు వచ్చాడు.

పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్ సీటీసీలో మొదటి షాపులోనే గాలం పడింది. "అన్నా, ఐ7 సెట్టు, 14 వేలకే" అన్నాడు. ఐ7 అనగానే మనసు లాగింది, అబద్ధం ఎందుకు. ఏ మోడలని అడిగితే నసిగి నసిగి 3770 అన్నాడు. అది 2012 నాటి చిప్. విండోస్ 11 దాన్ని ఒప్పుకోదు, ఆ బోర్డు మళ్లీ పోతే పాత సామానులో వెతుక్కోవడమే. ఐ7 అన్న పేరుకు పడిపోయేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నట్టున్నారు, ఆ కౌంటర్ దగ్గర బాగానే రద్దీ ఉంది.

రెండో షాపులో 5600జీ రెండు ధరలకు ఉంది. పెట్టెలో ఉన్నది 11,200. ట్రే పీస్, అంటే పెట్టె లేకుండా విడిగా వచ్చేది, 1,400 తక్కువ. కానీ ట్రే పీస్‌తో కూలర్ రాదు, అది విడిగా కొనాలి. వారంటీ కూడా షాపువాడు నోటితో చెప్పిన ఏడాదే. పెట్టెలో కూలర్ ఉంది, కంపెనీ వారంటీ మూడేళ్లు. లెక్కేస్తే మిగిలేది నాలుగైదు వందలు. పెట్టెదే తీసుకున్నాను, జీఎస్టీ బిల్లుతో సహా.

అసలు డబ్బు మిగిలింది మదర్‌బోర్డు దగ్గర. కౌంటర్‌లోని కుర్రాడు బీ550 బోర్డు పెట్టాడు, తొమ్మిది వేల చిల్లర. "దీంట్లో జెన్4 ఎస్‌ఎస్‌డీ పడుతుందన్నా, డబుల్ స్పీడ్" అన్నాడు. ఎస్‌ఎస్‌డీ అంటే ఫైళ్లు దాచే వేగమైన డిస్క్, జెన్3, జెన్4 అనేవి దాని వేగంలో తరాలు. నేను సరే అనబోతుంటే అల్లుడు ఫోన్‌లో ఏఎండీ వాళ్ల పేజీ తీసి చూపించాడు. బోర్డు ఏదైనా సరే, 5600జీ ఇచ్చేది జెన్3 వేగమే. జెన్4 ఎస్‌ఎస్‌డీ పెట్టినా అది జెన్3 లాగే నడుస్తుంది. అంటే బోర్డు మీద మూడు వేలు, ఎస్‌ఎస్‌డీ మీద మరికొంత, రెండూ బూడిదలో పోసినట్టే. 5,900కు బీ450 బోర్డు, 3,100కు 500 జీబీ జెన్3 ఎస్‌ఎస్‌డీ తీసుకున్నాం. బీ450తో ఒక చిక్కుంది. పాత స్టాకైతే బోర్డులో ఉండే బయోస్ అనే ప్రోగ్రాంను అప్‌డేట్ చేసేదాకా ఈ ప్రాసెసర్‌ను గుర్తించదు. అందుకని పెట్టె మీద 'రైజెన్ 5000 రెడీ' స్టిక్కర్ ఉన్నదే వెతికి తీయించాం.

ర్యామ్ 16 జీబీది ఒకటి కాకుండా ఎనిమిదివి రెండు, 3,500. లోపలి గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటాయి కాబట్టి జంటగా ఉంటే నయం. నా పాత మానిటర్‌కు పాతకాలపు వీజీఏ సాకెట్ ఒక్కటే ఉంది. కొత్తది కొనమన్నారు. 250 పెట్టి హెచ్‌డీఎంఐ కన్వర్టర్ కొన్నాను.

ఇక ఎస్‌ఎంపీఎస్. 900కు 450 వాట్లు అని రాసి ఉన్న డబ్బా ఒకటి చేతికిచ్చారు, ఖాళీ టిఫిన్ క్యారియర్‌లా తేలిగ్గా ఉంది. కాలిన వాసన ఇంకా ముక్కులోనే ఉంది నాకు. కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉన్న 450 వాట్లది, 3,000 చెప్పారు, బేరం ఆడకుండానే ఇచ్చేశాను. మా ఆవిడకు ఈ సంగతి చెప్పలేదు. క్యాబినెట్ 2,200. మొత్తం 29,150. లైట్ల ఫ్యాన్లకు డబ్బు మిగల్లేదు.

రైల్లో క్యాబినెట్‌ను ఒళ్లో పెట్టుకుని వచ్చి, రాత్రి తొమ్మిదింటికి బిగించడం మొదలుపెట్టాను. బోర్డు స్క్రూలన్నీ బిగించాక చూస్తే వెనక పోర్టుల దగ్గర పెట్టాల్సిన రేకు టేబుల్ మీదే ఉంది. మళ్లీ అన్నీ విప్పాను. పదకొండున్నరకు స్విచ్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది. టెన్షన్‌తో చెమటలు పట్టాయి. ర్యామ్ తీసి 'టక్' మనేదాకా నొక్కాను, కన్వర్టర్ మార్చాను, ఏమీ లేదు. అల్లుడికి వీడియో కాల్ చేసి కెమెరా లోపలికి తిప్పాను.

"మామా, ప్రాసెసర్ పైన మూలకు ఎనిమిది పిన్నుల సాకెట్ ఖాళీగా ఉంది చూడు."

ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే వైరు అది. క్యాబినెట్ వెనక కట్టగానే ఉండిపోయింది. పెట్టగానే బొమ్మ వచ్చింది. 3200 వేగం ఉన్న ర్యామ్ 2400 చూపిస్తే, అల్లుడే బయోస్‌లో ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయించాడు.

విండోస్, ఫాంట్లు ఎక్కించేసరికి తెల్లారింది. ఎనిమిదింటికి మొదటి శుభలేఖ పార్టీ వచ్చాడు. రాత్రి జరిగిన కథంతా చెప్పబోయాను.

"అదంతా సరే బాబూ, పిల్ల ఇంటిపేరులో తప్పుంది, దిద్దావా లేదా?"

దిద్దలేదు. పాత హార్డ్‌డిస్క్ వైరు అప్పుడు తగిలించి, ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, ఫైలు తెరిచాను.