చిన్న పెరటిలో నాలుగు రకాల పండ్లు

మా పెరడు పెద్దదేమీ కాదు; అయినా మామిడి, జామ, నిమ్మ, సీతాఫలం అందులో ఇమిడిపోయాయంటే అందుకు కారణం రకాల ఎంపికే. బంగినపల్లి మీద ఎంత మమకారం ఉన్నా, అది బాగా విస్తరించే చెట్టు కనుక, దశేరి, నీలం రకాలను సంకరపరచి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ రూపొందించిన పొట్టి రకమైన ఆమ్రపాలి అంటునే నాటాను. ఈ రకాన్ని 2.5 మీటర్ల ఎడంలో కూడా పెంచవచ్చు. అంటు కట్టిన చోటికి దిగువన పుట్టే చిగుళ్లను మాత్రం ఎప్పటికప్పుడు తుంచివేయాలి. లేకుంటే అంటుకు ఆధారంగా కింద ఉన్న వేరుమొక్క పెరిగి అసలు రకాన్ని అణచివేస్తుంది.

జామ కొత్త చిగుళ్లపైనే పూస్తుంది కాబట్టి, కోత ముగియగానే కొమ్మల చివళ్లు కత్తిరిస్తే చెట్టు చేతికందే ఎత్తులో ఉండి మళ్లీ కాపుకు వస్తుంది. నిమ్మ మొదలు దగ్గర నీరు నిలవకుండా చూసుకోవాలి. నిలిస్తే కాండం నుంచి బంక కారే తెగులు సోకే ప్రమాదం ఉంది.

నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది సీతాఫలం. దాని పువ్వులో పుప్పొడిని అందుకునే ఆడ భాగమైన కీలాగ్రం ముందుగా పక్వమవుతుంది, పుప్పొడి ఆ తరువాత గాని విడుదల కాదు. అందువల్ల విరగబూసిన చెట్టుకు కూడా కాయలు పలుచగానే నిలుస్తాయి. పూర్తిగా విచ్చుకున్న పువ్వుల పుప్పొడిని సాయంత్రం సన్నని కుంచెతో సేకరించి, మరునాటి ఉదయం అప్పుడప్పుడే రేకులు విడుతున్న పువ్వుల లోపల అద్దితే పిందెలు ఎక్కువగా కడతాయి. ఈ పని చూసి ఇరుగుపొరుగువారు నవ్వుతారు, నవ్వనివ్వండి. వేసవి వడగాలుల్లో పూసినవి చాలావరకు రాలిపోతాయి కనుక, తొలకరి తరువాత వచ్చే పూతపైనే నేను ఈ శ్రమ పెడతాను.