సలేశ్వరం: దిగేటప్పుడే ఎక్కుడు లెక్కేసుకోవాలి

సలేశ్వరం నల్లమల అడవి లోయలో లింగమయ్యగా కొలిచే శివుడి గుహాక్షేత్రం. దాని దారి చైత్ర పౌర్ణమి చుట్టూ కొద్ది రోజులే తెరుస్తారు. తేదీలు ఏటా మారతాయి, కనుక్కునే బయల్దేరాలి. నల్లగొండ నుంచి మేము దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం రోడ్డెక్కాం. మన్ననూరు దాటాక ఫర్హాబాద్ గేటు దగ్గర అడవిలోకి మళ్లాలి. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ప్లాస్టిక్ వద్దు, అగ్గిపెట్టె అసలే వద్దు. ఎండాకులు మోకాలి మందాన పరుచుకుని ఉంటాయి, ఒక్క నిప్పురవ్వ చాలు.

బండ్లు ఆగినకాడి నుంచి సుమారు 5 కిలోమీటర్ల నడక. మొదట కొండ అంచు వెంట, తర్వాత లోయలోకి నిట్టనిలువు దిగుడు. మోసం ఇక్కడే. దిగేటప్పుడు ఒళ్లు తేలిగ్గా ఉంటుంది, నీళ్లన్నీ తాగేస్తారు. ఎక్కేటప్పటికి ఎండ నడినెత్తిన ఉంటుంది, సీసా ఖాళీ. మనిషికి రెండు లీటర్లకు తగ్గొద్దు, అందులో సగం ఎక్కుడుకే దాచాలి. ఉప్పు వేసిన మజ్జిగ ఉంటే ఇంకా మేలు. చెప్పులు కాదు, పట్టున్న బూట్లు వేసుకోండి. పైవాళ్ల కాలికింద రాయి కదిలితే కిందివాళ్ల మీదికే వస్తుంది, అందుకే ఒకరి వెనక ఒకరు ఎడం పాటించాలి.

అడుగున రెండు కొండల మధ్య ఇరుకు సందు. సుమారు 200 అడుగుల పైనుంచి ధార గుండంలో పడుతుంది. సున్నపురాయి కొండల్లో నీరు రాయినే కరిగించి దారి చేసుకుంటుంది, మన మేళ్లచెర్వు దిక్కు రాయి ఆ జాతిదే. ఇక్కడిది క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి, నీటికి లొంగదు. వాన నీరు నెర్రెల్లో ఇంకి, నెమ్మదిగా దిగుతుంది. అందుకే నడివేసవిలోనూ ఊట ఆగదు. గోడకు అరచేయి ఆనిస్తే నాచు కింద నుంచి చల్లటి తడి వేళ్ల సందుల్లోకి పాకుతుంది. ఆ స్పర్శ కోసమే ఇంత దూరం రావచ్చు. గుండం చుట్టూ బండ మాత్రం సబ్బు రాసినట్టు జారుతుంది, చేయి పట్టుకునే దిగండి.

గుహలు పైనొకటి, కిందొకటి. పైదాంట్లో లింగమయ్య. పూజ ఈ అడవి గిరిజనులైన చెంచులదే, వాళ్లు చెప్పిన వరుసలోనే కదలాలి. పోయేవాళ్లకూ వచ్చేవాళ్లకూ ఒకటే బాట, తోపులాట అక్కడే మొదలవుతుంది. ముసలివాళ్లతో, చంటిపిల్లలతో పౌర్ణమి నాడు దిగకపోవడమే మంచిది.

దిగేవాళ్లు "వస్తున్నాం లింగమయ్యా" అంటే, ఎక్కేవాళ్లు "పోయొస్తాం లింగమయ్యా" అంటారు. మలుపులో ఆ కేక వినపడితే బండవారగా నిలబడి, ఎక్కేవాళ్లకు ముందు దారివ్వండి.